పియానో ఇస్తామంటున్నారు, శ్రుతి చేసేవారి జీతం ఎవరిస్తారు?

జమాఖర్చు | జనవరి 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సంగీతంలో నా పరిజ్ఞానం చిన్నప్పుడు పక్కింట్లో వినిపించిన హార్మోనియం దగ్గరే ఆగిపోయింది. నేను లెక్కల మనిషిని. అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పద్దులు చూస్తాను. రెండేళ్ళ క్రితం నన్ను ఇంజినీరింగు విభాగం నుంచి సంగీత విభాగానికి బదిలీ చేశారు. ఇక్కడ అన్నీ చిల్లర ఖర్చులే ఉంటాయనుకున్నాను. వచ్చి లెక్కపెడితే పియానోలే 74 తేలాయి.

సాధన గదుల్లో 38, అధ్యాపకుల గదుల్లో 21, తరగతి గదుల్లోనూ రిహార్సల్ హాళ్ళలోనూ 12, వేదికల మీద 3. సగానికి పైగా నా పెళ్ళికి ముందువి. నాకు పెళ్ళయి 31 ఏళ్ళు. వీటన్నిటికీ కలిపి ఏడాదికి 18,000 డాలర్లు కేటాయించారు. ఆ డబ్బుతో బయటి నుంచి ఒక పెద్దాయన వారానికి ఒక రోజు చొప్పున, తరగతులు నడిచే 36 వారాలూ వచ్చి శ్రుతి చేసి వెళతారు. రోజుకు 500. కొత్తవి కొనడానికి వేరే పద్దు లేదు. ఎప్పుడైనా ఆర్థిక సంవత్సరం చివర ఏదైనా మిగిలితే ఒకటి కొన్నారట, అంతే.

ఇప్పుడు ఒక పూర్వ విద్యార్థి కుటుంబం తొమ్మిది అడుగుల కచేరీ గ్రాండ్ పియానో కొనిస్తామని ముందుకొచ్చింది. ఖరీదు రెండు లక్షల డాలర్ల పైచిలుకు. ప్రతిగా వాళ్ళ అమ్మగారి పేరుతో ఒక ఇత్తడి ఫలకం పెట్టాలి. మా డీన్ ఆనందానికి హద్దుల్లేవు. పియానో ఆచార్యురాలు మాత్రం నన్ను వరండాలోకి పిలిచి, "వద్దనకండి, కానీ వెంటనే సరే అనకండి" అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ మాటకు అర్థం ఎవరైనా విప్పి చెబుతారా? నెల తిరిగేలోపు దాతలతో సమావేశం ఉంది.

రెండోబెంచీ | జనవరి 11, రాత్రి 10:15

అర్థం తరవాత చూద్దాం. 74 డిజిటల్ పియానోలు కొని పడేస్తే శ్రుతి గొడవే ఉండదు కదా? 2026లో కూడా ఒక మనిషి వచ్చి మేకులు తిప్పడం నాకు వింతగా ఉంది.

తీగలమేస్త్రి | జనవరి 12, ఉదయం 6:50

జమాఖర్చు గారూ, మీ ఆచార్యురాలికి నా తరఫున ఒక నమస్కారం పెట్టండి. నేను ఒహాయోలో పియానో టెక్నీషియన్‌ని. ఎలక్ట్రికల్ ఇంజినీరింగు చదవడానికి వచ్చి ఇందులో పడ్డాను. పందొమ్మిదేళ్ళయింది. మా నాన్నగారు ఇప్పటికీ బంధువులతో "వాడు ఇంజినీరే" అని చెబుతుంటారు.

మీ అంకెలతోనే మొదలుపెడదాం. శ్రద్ధగా చేస్తే ఒక మనిషి రోజుకు నాలుగు పియానోలు శ్రుతి చేయగలడు. 36 రోజులకు 144 సార్లు. వేదిక మీది మూడింటికి ప్రతి కచేరీకీ ముందు చేయాలి. మీ దగ్గర ఎన్ని కచేరీలు జరుగుతాయో గానీ, అరవై అనుకుందాం. మిగిలిన 84ను 71 పియానోలకు పంచండి. ఏడాదికి ఒక్కసారి, అదృష్టం ఉన్నవాటికి రెండుసార్లు. ఇంట్లో పాప వారానికి రెండు గంటలు వాయించే పియానోకే ఏడాదికి రెండుసార్లు చేయించమని చెబుతాం. మీ సాధన గదుల్లో రోజుకు పది గంటలు బాదుతుంటారు.

ఇది శ్రుతి వరకే. పియానోకు 88 మెట్లు, 230 దాకా తీగలు. వాటి లాగుడు మొత్తం కలిపితే సుమారు 20 టన్నులు. మెట్టు నొక్కితే ఫెల్టు (ఒత్తిన ఉన్ని) చుట్టిన సుత్తి వెళ్ళి తీగను తాకి వెనక్కి పడుతుంది. మధ్య, పై స్థాయిల్లో ఒక్కో స్వరానికి మూడు తీగలు. వాయించగా వాయించగా సుత్తి మూతి మీద మూడు గాట్లు పడతాయి. మొదట్లో పలకా బలపం గీతల్లా ఉంటాయి. మీ సాధన గదుల్లో ఈపాటికి గోరు దూరేంత లోతుగా ఉంటాయి. అప్పుడు ధ్వని రేకు డబ్బా మోగినట్లు ఉంటుంది. ఆ ఫెల్టును ఉప్పుకాగితంతో సాన పట్టి గుండ్రం చేయాలి, సూదులతో గుచ్చి మెత్తబరచాలి. సాన పట్టడానికి ఫెల్టు మిగలకపోతే సుత్తులన్నీ మార్చాలి. మెట్టు లోతు, సుత్తి దూరం సరిచూడటం ఇంకో పని. 88 మెట్లకూ చేసేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. మీ 18,000లో ఈ పనులకు ఒక్క గంట కూడా లేదు. మీ పెద్దాయన తప్పేమీ లేదు, ఆయన మంటలు ఆర్పుతున్నారు.

ఇప్పుడు మీ వరండా మాటకు వద్దాం. కొత్త పియానో తీగలు ఇంకా సాగుతూ ఉంటాయి కాబట్టి మొదటి ఏడాది నాలుగైనా శ్రుతులు కావాలి. మీది కచేరీ పియానో కాబట్టి అంతకు ఎన్నో రెట్లు. ఆ సమయం ఎక్కడి నుంచి వస్తుంది? సాధన గదుల నుంచే. అంటే ఆ ఇత్తడి ఫలకం ఖరీదు సాధన గదుల పిల్లలు కడతారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం మన సామెతలోనే ఉంది. ఇక్కడ ఏనుగును ఎవరో ఇస్తున్నారు, మావటి సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

నీలవేణి | జనవరి 12, ఉదయం 11:05

రెండోబెంచీ గారూ, నేను టెక్సస్‌లో పియానో నేర్పుతాను. డిజిటల్ పియానోలకు నేను వ్యతిరేకిని కాదు. గాత్రం, వయొలిన్ వాళ్ళకు పియానో ప్రాథమిక పాఠాలు చెప్పే గదిలో పదహారు డిజిటల్‌లు, పదహారు హెడ్‌ఫోన్‌లు పెట్టడం ఇక్కడ మామూలే, సబబే. కానీ పియానోయే ప్రధానంగా చదివే పిల్లలకు అది చాలదు. మెట్టును సగం వరకే వదిలి మళ్ళీ నొక్కడం, పెడల్‌ను పావు వంతు తొక్కి పట్టడం లాంటివన్నీ నిజమైన తీగ మీదే వేళ్ళకు పడతాయి. పైగా డిజిటల్‌కు చావు లేదనుకోకండి. పదేళ్ళు దాటితే దాని విడిభాగాలు దొరకడం కష్టం. పదేళ్ళ పియానో అంటే మాకు పడుచుది.

జమాఖర్చు గారికి ఒక సంగతి. నాకు ఒక విద్యార్థిని ఉండేది. పరీక్షలో ప్రతి స్వరాన్నీ గట్టిగా గుద్దేది. ఎంత చెప్పినా మారలేదు. ఒకరోజు రాత్రి తను సాధన చేసే గదికి వెళ్ళి కూర్చున్నాను. ఆ పియానోలో పై స్థాయి సుత్తులు అరిగిపోయి, మెల్లగా నొక్కితే శబ్దమే రావడం లేదు. మధ్యలో ఒక మెట్టు నొక్కితే దిగి, కిందే ఉండిపోతోంది. పిల్ల దాన్ని చూపుడు వేలితో పైకి లాగి, మళ్ళీ వాయిస్తోంది. రెండేళ్ళు అదే పియానో మీద, రోజుకు నాలుగు గంటలు. ఆ వేళ్ళకు ఆ జబ్బు నేర్పింది మేమే కదా. మణికట్టు నొప్పితో ఒక సెమిస్టరు వాయించలేకపోయింది కూడా.

అడయారుగాలి | జనవరి 12, సాయంత్రం 4:30

చెన్నై నుంచి ఒక మాట. మా ఇంట్లో పియానో లేదు, వీణ ఉంది. మేళం మైనం ఎండకు మెత్తబడి మెట్లు కదిలితే మా అమ్మ రోజంతా మాట్లాడేది కాదు. కానీ తీగలు మాత్రం తనే సవరించుకునేది. వయొలిన్ విద్వాంసుడు కచేరీలో కూర్చున్నాకే బిరడాలు తిప్పుకుంటాడు. మృదంగం వాయించేవాడు ఎడమ వైపున రవ్వ ముద్ద తనే అద్దుకుని, కుడి వైపు రాయితో కొట్టుకుని శ్రుతి కలుపుకుంటాడు. 1919లో విజయనగరంలో మహారాజా వారు సంగీత కళాశాల పెట్టినప్పుడు దాని తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారికి ఈ పద్దు కోసం తల పట్టుకోవలసిన అవసరం వచ్చి ఉండదు.

పియానో వాయించేవాడు తన వాద్యాన్ని తాను శ్రుతి చేసుకోలేడు, చంకన పెట్టుకుని రానూ లేడు. వయొలిన్ విద్యార్థి వాద్యం వాళ్ళ నాన్న కొనిస్తాడు, మరమ్మతూ ఆయనదే. పియానో విద్యార్థికి కళాశాల ఏది పెడితే అదే. అందుకే దీన్ని వాద్యాల పద్దులో కాకుండా ప్రయోగశాల పద్దులో రాయాలని నా అభిప్రాయం. రసాయనశాస్త్రం వాళ్ళ గదిలో గాలి లాగే యంత్రం పాడైతే ఎవరైనా దాత కోసం ఎదురుచూస్తారా?

ఇంకో ముచ్చట. ఇక్కడ సముద్రపు గాలికి ఫెల్టు నీరు పీల్చి మెట్లు బిగుసుకుపోతాయని పాతకాలం వాళ్ళు పియానో కింది భాగంలో చిన్న బల్బు వెలిగించి ఉంచేవారు. మౌంట్ రోడ్డులో ఉన్న, 1842లో మొదలైన వాద్యాల దుకాణం మ్యూసీ మ్యూజికల్ వైపు వెళ్ళినప్పుడల్లా నాకు ఆ బల్బులే గుర్తొస్తాయి.

తీగలమేస్త్రి | జనవరి 12, రాత్రి 8:20

అడయారుగాలి గారి బల్బు దగ్గర ఆగాలి. మీకు తేమ ఎక్కువ. జమాఖర్చు గారి ఊళ్ళో రెండు జబ్బులూ ఉన్నాయి. ఎండాకాలం ఉక్కపోత. చలికాలం హీటర్లు వేస్తే గదిలో తేమ 20 శాతం కంటే కిందికి దిగుతుంది. పియానో లోపలి సౌండ్‌బోర్డు స్ప్రూస్ కర్రతో చేసిన పలుచని పలక. తేమకు ఉబ్బి తీగల్ని పైకి నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఎండితే కుంగుతుంది, శ్రుతి దిగుతుంది. అన్ని తీగలూ ఒకే మోతాదులో మారితే కొంత నయం. మధ్య స్థాయి ఎక్కువగా, మిగతావి తక్కువగా మారతాయి. ఇలా ఇరవై చలికాలాలు గడిస్తే పలక పగులుతుంది. తీగల మేకులు పట్టుకుని ఉండే దిమ్మె పట్టు వదులుతుంది. అప్పుడు ఉదయం చేసిన శ్రుతి సాయంత్రానికి ఉండదు. గ్రాండ్‌కు ఆ స్థాయి మరమ్మతు అంటే 30,000 డాలర్ల పైమాట.

పియానో టెక్నీషియన్స్ గిల్డ్ అనే మా వృత్తి సంఘం వాళ్ళు కళాశాలల కోసం ఒక లెక్క రాసి ఉంచారు. ఒక పూర్తికాలపు టెక్నీషియన్‌కు 60 పియానోలు అని మొదలుపెట్టి, తేమ అదుపులో లేకపోతే ఇంత, వాడకం ఎక్కువైతే ఇంత, పాతవైతే ఇంత అని గుణిస్తూ తగ్గించుకుంటూ పోవాలి. మీ పరిస్థితికి అది 35 దగ్గర తేలినా ఆశ్చర్యం లేదు. అంటే 74కు ఇద్దరు మనుషులు. మీకున్నది ఒక మనిషిలో అయిదో వంతు. ఆ కాగితం దాతలకంటే ముందు మీ డీన్‌కు చూపించండి.

బడిగంట | జనవరి 13, ఉదయం 8:00

నేను పియానోల దుకాణంలో ఆరేళ్ళు పనిచేశాను కాబట్టి ఇంకో దారి చెబుతాను. అప్పు పథకం. దుకాణంవాళ్ళు ఆగస్టులో కొత్త పియానోలు తెచ్చి పెడతారు, కళాశాల ఏడాది వాడుకుంటుంది. వేసవిలో కళాశాల ఆవరణలోనే రెండు మూడు రోజుల అమ్మకం పెట్టి వాటిని జనానికి అమ్ముతారు. మళ్ళీ కొత్తవి వస్తాయి. కళాశాలకు పెట్టుబడి లేదు.

నీలవేణి | జనవరి 13, ఉదయం 9:25

అది నేనూ అనుభవించాను. ప్రతి ఆగస్టులోనూ కొత్త కోడలు వచ్చినట్లే. ఆ పియానో కుదురుకునేసరికి మే నెల వస్తుంది, అమ్మేస్తారు. శ్రుతి ఖర్చు ఎవరిదో ఒప్పందంలో చదవకుండా సంతకం పెట్టకండి. అమ్మకం ప్రకటనల కోసం కళాశాల పేరు, పూర్వ విద్యార్థుల చిరునామాలు అడుగుతారు. అదీ ఒక ధరే.

రెండోబెంచీ | జనవరి 13, మధ్యాహ్నం 1:10

డిజిటల్ మాట వెనక్కి తీసుకుంటున్నాను, కానీ పూర్తిగా కాదు. ఒక సందేహం. కొన్ని కళాశాలలు "మా దగ్గర అన్నీ స్టైన్‌వే కంపెనీ పియానోలే" అని బోర్డు పెట్టుకుంటాయి కదా, వాళ్ళకు ఈ బాధలు ఉండవా?

తీగలమేస్త్రి | జనవరి 13, సాయంత్రం 6:45

ఆ బోర్డుకు నూటికి నూరూ అక్కర్లేదు, 90 శాతం చాలన్నది నిబంధన. అందులో కూడా స్టైన్‌వే రూపకల్పన చేసి జపాన్ కంపెనీ కవాయి చేత తయారు చేయించే బోస్టన్‌లు, చైనాలో తయారయ్యే ఎసెక్స్‌లు కలుస్తాయి. తప్పేమీ లేదు, మంచి వాద్యాలే. మా రాష్ట్రంలోని ఓబర్లిన్ కళాశాల 1877 నుంచీ స్టైన్‌వేలే వాడుతోంది. 200కు పైగా ఉన్నాయి. అందరూ ఆ సంఖ్యే చెబుతారు. పియానో సాంకేతిక విద్యను ప్రత్యేకంగా నేర్పే కోర్సు కూడా అక్కడ ఉందని ఎవరూ చెప్పరు. సంఖ్య వెనుక ఒక కార్ఖానా, అందులో మనుషులు, వాళ్ళ జీతాలు ఉన్నాయి. పేరు ఏదైనా ఫెల్టు ఫెల్టే, అరుగుతుంది.

జమాఖర్చు గారూ, ఒక పని చేయండి. రేపు ఒక టార్చి పట్టుకుని సాధన గదుల్లో పియానోల కింద చూడండి. మూడు చిన్న దీపాలున్న పట్టీ ఏమైనా కనిపిస్తే చెప్పండి.

జమాఖర్చు | జనవరి 15, రాత్రి 11:30

చూశాను. పక్కన ఎవరైనా ఉంటే సిగ్గుపడేవాణ్ణి. యాభై నాలుగేళ్ళ మనిషిని, సూటు వేసుకుని నేల మీద పాకాను.

పదకొండు పియానోలకు ఆ పట్టీలున్నాయి. తొమ్మిదింటిలో పసుపు దీపం మిణుకుమంటోంది. ఒకదాంట్లో ఎరుపు. ఒకదాని ప్లగ్గు పీకి ఎవరో ఫోను చార్జరు పెట్టుకున్నారు. పాత దస్త్రాలు తిరగేస్తే ఆరేళ్ళ క్రితం ఏదో గ్రాంటుతో వాటికి తేమ యంత్రాలు బిగించినట్లు తేలింది. కొనుగోలు రసీదు ఉంది. నీళ్ళు ఎవరు పోయాలో ఎక్కడా రాసిలేదు.

తీగలమేస్త్రి | జనవరి 16, ఉదయం 6:30

అనుకున్నాను. పచ్చ దీపం అంటే కరెంటు ఉంది. పసుపు అంటే నీళ్ళు పోయండి. ఎరుపు అంటే లోపల నీళ్ళు పీల్చే పీలికలు మార్చండి. చలికాలంలో రెండు వారాలకోసారి నీళ్ళు అడుగుతుంది. మీ ఇంట్లో తులసి మొక్కకంటే తక్కువ శ్రమ. ఒక విద్యార్థికి వారానికి రెండు గంటల పని ఇస్తే సరిపోతుంది. సెలవుల్లో భవనాల విభాగం వాళ్ళు కరెంటు ఆదా అని హీటింగు తగ్గించి, తెరిచే ముందు రోజు ఒక్కసారిగా పెంచకుండా కూడా మాట్లాడుకోండి. వీటికి దాత అక్కర్లేదు.

సాధనగది214 | జనవరి 17, రాత్రి 12:20

నేను వేరే రాష్ట్రంలో పియానో చదువుకుంటున్న కుర్రాణ్ణి, ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. ఒక్క భయం. ఈ చర్చ అంతా అయ్యాక మీరు ఫీజు పెంచుతారు, అవునా సార్? మా దగ్గర అదే జరిగింది. సెమిస్టరుకు 75 డాలర్లు వేశారు. మా మెట్టు ఇంకా కిందే ఉండిపోతోంది.

జమాఖర్చు | జనవరి 17, ఉదయం 7:45

బాబూ, నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆ డబ్బు ఏ ఖాతాలో పడుతోందో మీ విద్యార్థి సంఘం ద్వారా రాతపూర్వకంగా అడగండి. ఫీజును ఉమ్మడి ఖాతాలో వేస్తే అది తిరిగి రాదు. ఇది నా వృత్తి రహస్యం, ఉచితంగా ఇస్తున్నాను.

వేదిక నిర్వాహకుడు | జనవరి 17

పాత అప్‌రైట్ (గోడకు ఆనించే నిలువు) పియానోలను ఉచితంగా ఇస్తామంటూ నాలుగు సందేశాలు వచ్చాయి. ఇది అమ్మకాల విభాగం కాదు, తీసేశాను.

తీగలమేస్త్రి | జనవరి 17, రాత్రి 9:00

నిర్వాహకులు మంచి పని చేశారు. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. పియానో విషయంలో తప్పకుండా లెక్కపెట్టాలి, 88 ఉన్నాయి. అమ్మమ్మ గారి వందేళ్ళ అప్‌రైట్‌ను మోసుకొచ్చే కూలీ, చివరికి పారేసే కూలీ రెండూ కళాశాల మీదే పడతాయి.

జమాఖర్చు | ఫిబ్రవరి 19, రాత్రి 10:10

సమావేశం అయింది. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

ముందు డీన్ దగ్గర వేసిన లెక్క. ఒక పూర్తికాలపు టెక్నీషియన్‌కు జీతం, బీమా అన్నీ కలిపి 85,000 అనుకున్నాం. శాశ్వత నిధి మీద ఏడాదికి 4 శాతం వాడుకోనిస్తారు. 85,000 రావాలంటే 21 లక్షల 25 వేల డాలర్ల నిధి ఉండాలి. అంటే పియానో కంటే దాన్ని చూసుకునే మనిషి ఖరీదు పదింతలు. డీన్ ఆ కాగితాన్ని తిరగేసి వెనుక ఏమైనా ఉందేమోనని చూశారు.

దాతలను హాలుకు తీసుకెళ్ళకుండా కింది అంతస్తులోని సాధన గదులకు తీసుకెళ్ళాలన్నది ఆచార్యురాలి ఆలోచన. ఫలకం మీద పేరు రావలసిన అమ్మగారి కూతురు, అరవై దాటిన మనిషి, ఒక గదిలో తలుపు తెరిచి కూర్చుని చిన్నప్పుడు నేర్చుకున్నదేదో మొదలుపెట్టారు. నాలుగో పట్టులో ఒక మెట్టు దిగి అక్కడే ఉండిపోయింది. ఆవిడ ఆగి, నీలవేణి గారి విద్యార్థినిలాగే వేలితో పైకి లాగారు. "మా అమ్మ ఇదే గదిలో సాధన చేసేది" అన్నారు. మేము ఎవ్వరమూ ఏమీ అనలేదు. ఆ పియానో అప్పటిదేనేమో అని నాకు అనుమానం వచ్చింది, అడగలేదు.

అద్భుతమేమీ జరగలేదు. వాళ్ళ దగ్గర ఇరవై లక్షలు లేవు. కానీ తొమ్మిది అడుగులది కాకుండా ఏడడుగుల గ్రాండ్ చాలన్నారు. మా చిన్న హాలుకు నిజానికి అదే నప్పుతుంది. మిగిలిన 80,000 శ్రుతి, మరమ్మతుల నిధిగా పెడతారు. దానిమీద ఏడాదికి 3,200, అంటే ఆరు రోజుల పని. ఫలకం మాత్రం గదిలో పెట్టమన్నారు, పియానో మీద వద్దన్నారు.

సాధనగది214 భయపడినట్లే ఫీజు కూడా వచ్చింది. సంగీత విద్యార్థులు 220 మంది, సెమిస్టరుకు 50 డాలర్లు, ఏడాదికి 22,000. విడి ఖాతా తెరిపించాను, ప్రతి డిసెంబరులో లెక్క గోడకు అతికించాలని రాయించాను. పాత 18,000తో కలిపి 43,200. వారానికి ఒక రోజు కాస్తా రెండు రోజులు దాటుతుంది. మొదటి ఏడాది సాధన గదుల్లో అరిగిన సుత్తులే చూడమని పెద్దాయనతో చెప్పాం. ఆయన "నేను అడిగి పన్నెండేళ్ళయింది" అన్నారు.

రెండోబెంచీ | ఫిబ్రవరి 19, రాత్రి 10:40

మరి ఆ ఇద్దరు టెక్నీషియన్లు?

జమాఖర్చు | ఫిబ్రవరి 19, రాత్రి 10:52

లేరు. వచ్చే ఏడాది బడ్జెట్‌లో సగం ఉద్యోగం అడిగాను. రాదని నాకూ తెలుసు. మళ్ళీ ఏడాది కూడా అడుగుతాను.

అన్నట్టు, నీళ్ళు పోయడానికి ఒక అమ్మాయిని పెట్టాం. ఇవాళ మొదటి రోజు. పదింటికి పోసి వచ్చి, ఒకదాంట్లో ఎంత పోసినా దీపం ఆరడం లేదని చెప్పింది. పాడైందంటారా?

తీగలమేస్త్రి | ఫిబ్రవరి 20, ఉదయం 6:35

ఏ రంగు?

జమాఖర్చు | ఫిబ్రవరి 20, ఉదయం 8:10

ఎరుపు.

తీగలమేస్త్రి | ఫిబ్రవరి 20, ఉదయం 8:14

అది నీళ్ళు అడగడం లేదు. పీలికలు మార్చమంటోంది. ఇక పోయవద్దనండి, కింద ఒక తువ్వాలు వేయమనండి.